పాముకు బ్లడ్ క్యాన్సర్, పులికి కణితి: జూ జంతువుల లెక్కలు ఏం చెబుతున్నాయి?

జ్వరం ఎంతకీ తగ్గకపోతే డాక్టర్ మనకు సీబీసీ రాస్తారు. ల్యాబ్‌లో కాస్త రక్తం తీసి మెషీన్‌కి ఇస్తే నిమిషాల్లో కాగితం చేతికొస్తుంది. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో అందులో వరసగా ఉంటుంది. తెల్ల కణాలు లక్ష దాటాయంటే ఆ కాగితం చూసినవాళ్లకే టెన్షన్ మొదలవుతుంది.

అదే మెషీన్‌కి కొండచిలువ రక్తం ఇస్తే వచ్చే అంకెలకు అర్థం ఉండదు. మన ఎర్ర కణంలో కేంద్రకం లేదు. పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు, పక్షుల ఎర్ర కణాల్లో ఉంటుంది. ప్లేట్‌లెట్ల పని చేసే వాటి థ్రాంబోసైట్లలోనూ ఉంటుంది. మనుషుల కోసం చేసిన మెషీన్ ముందు ఎర్ర కణాలను పగలగొట్టి, ఆ తర్వాత కేంద్రకం ఉన్నవాటిని తెల్ల కణాలుగా లెక్కేస్తుంది. పాము రక్తంలో అన్నిటికీ కేంద్రకాలే. ఏ జబ్బూ లేని పాముకు కూడా అది ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, అంటగట్టగలదు.

అందుకని సరీసృపాల రక్తాన్ని ఇప్పటికీ మనిషే కళ్లతో లెక్కపెట్టాలి. గాజు పలక మీద పలచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద ఒక్కో కణాన్నీ గుర్తుపట్టాలి. అక్కడా చిక్కులున్నాయి. థ్రాంబోసైట్, తెల్ల కణాల్లో ఒక రకమైన చిన్న లింఫోసైట్ దాదాపు ఒకేలా ఉంటాయి. మన రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ కొన్ని తాబేళ్ల ఎర్ర కణాలను పగలగొడుతుంది కాబట్టి వాటికి హెపారిన్ వాడతారు. తాబేలుకు సూది గుచ్చితే రక్తంతో పాటు పక్కనే ఉన్న లింఫ్ ద్రవం కూడా వచ్చేస్తుంది. అప్పుడు లెక్క పలచబడుతుంది, లింఫోసైట్ల వాటా మాత్రం పెరిగినట్టు కనిపిస్తుంది. వీటన్నిటికీ తోడు రుతువుల ప్రభావం ఒకటి. చాలా సరీసృపాల్లో లింఫోసైట్లు చలికాలం తగ్గి, ఎండాకాలం పెరుగుతాయి. జనవరిలో తీసిన రిపోర్టును మే నెల రిపోర్టుతో పోలిస్తే లేని జబ్బు కనిపించవచ్చు.

లింఫోసైట్లు చెడి గడ్డకట్టే లింఫోమా అనే క్యాన్సర్ అయితే ఇంకా కష్టం. మనకైతే మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో బిళ్ల కట్టి చేతికి తగులుతుంది. సరీసృపాలకు మన లాంటి లింఫ్ గ్రంథులు లేవు. చెడిన లింఫోసైట్లు కాలేయంలో, ప్లీహంలో, మూత్రపిండాల్లో, పేగు గోడలో చేరి లోపల్లోపలే పెరుగుతాయి. బయటికి కనిపించేది మందకొడితనం, తిండి మానేయడం. కొండచిలువ ఏ జబ్బూ లేకుండానే నెలల తరబడి తినకుండా ఉండగల జీవి. తినడం లేదంటే ఎవరికి అనుమానం వస్తుంది? అనుమానం వచ్చి పరీక్ష చేయించినా, తెల్ల కణాలు పెరగడానికి క్యాన్సరే కారణమా, లేక ఇన్ఫెక్షనా అన్నది రక్తం ఒక్కటీ చెప్పలేదు. మూలుగ తీసి చూడాలి, కాలేయం ముక్క తీసి చూడాలి. ఆ లింఫోసైట్ టి రకమా, బి రకమా తేల్చే రంగులు మనిషి కణాల కోసం తయారైనవి. బల్లి కణానికి అవి అంటుకుంటే అదృష్టం.

సరీసృపాలకు క్యాన్సర్ అరుదు అనే మాట చాలాకాలం నడవడానికి ఒక కారణం ఇదే. వెతికే పద్ధతే లేనప్పుడు కనపడకపోవడంలో వింతేముంది?

వెతికితే ఏం కనిపించింది? అమెరికాలో జంతువుల కణజాల పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌కు వచ్చిన 3,684 సరీసృపాల నమూనాలను తిరగేసి 2004లో ఒక లెక్క ప్రచురించారు. పాముల నమూనాల్లో 15 శాతంలో కణితులున్నాయి. బల్లుల్లో 8.5 శాతం, తాబేళ్లలో 2.7, మొసళ్లలో 2.2 శాతం. దీన్ని పట్టుకుని 'ప్రతి ఏడు పాముల్లో ఒకదానికి క్యాన్సర్' అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. ల్యాబ్‌కు వచ్చినవి జబ్బు చేసినవో, చచ్చిపోయినవో, గడ్డ కనిపించి కోసి పంపినవో. పుట్ట దాటి హాయిగా తిరుగుతున్న పాము నమూనా ఎవరూ పంపరు. ఆ అంకెల్లో నమ్మదగింది శాతం కాదు, వరస. ఒకే జల్లెడలోకి వచ్చిన వాటిలో పాములు ముందు, తాబేళ్లూ మొసళ్లూ వెనక. నూరేళ్లు బతకగల తాబేలుకు తక్కువ ఉండటం ఆలోచించాల్సిన విషయమే.

ఇక్కడ ఇంకో అపోహ సంగతి కూడా చూసుకోవాలి. క్యాన్సర్ అంటే ప్లాస్టిక్, పురుగుమందులు వచ్చాక పుట్టిన జబ్బని మనలో చాలామంది నమ్మకం. కెనడాలోని అల్బెర్టాలో 1989లో సెంట్రోసారస్ అనే కొమ్ముల డైనోసార్ కాలి ఎముక ఒకటి దొరికింది. వంకరగా ఉబ్బి ఉంటే విరిగి అతుక్కుందనుకున్నారు. తర్వాత సీటీ స్కాన్ తీసి, పలచగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఆస్టియోసార్కోమా అని తేలింది. మన టీనేజీ పిల్లల్లో కనిపించే ఎముక క్యాన్సరే అది. 2020లో ప్రచురించారు. ఎముక వయసు సుమారు 7.6 కోట్ల ఏళ్లు. జర్మనీలో దొరికిన పాపోకెలిస్ అనే తాబేళ్ల పూర్వీకుడి తొడ ఎముకలో 24 కోట్ల ఏళ్ల నాటి ఎముక క్యాన్సర్ బయటపడింది. ఒకటికి మించి కణాలతో ఒళ్లు కట్టుకున్న జీవికి ఈ జబ్బు వెంటే ఉంది.

అయితే 'కణితి' అని ఒకే పేరు పెట్టి పిలుస్తున్నా, జంతువుల్లో దాని వెనక ఉన్న కథలు వేరువేరు. వాటిని కలిపేసి లెక్క కట్టడం వల్లే సగం గందరగోళం.

కొన్ని మనం పెంచి పోషించినవి. లెపర్డ్ గెకో అనే బల్లిని ప్రపంచమంతా పెంపుడు జంతువుగా అమ్ముతారు. దాని సొంత ఊరు అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతం. ఈ బల్లిని రకరకాల రంగుల కోసం సంకరం చేస్తూ వస్తుంటే అమెరికాలో ఒక కొత్త రంగు పుట్టింది. తెల్లటి ఒంటి మీద నిమ్మపండు మెరుపు. లెమన్ ఫ్రాస్ట్ అన్నారు, ఎగబడి కొన్నారు. కొన్నాళ్లకు వాటి చర్మం మీద తెల్లటి గడ్డలు లేచాయి. అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు జన్యువుల్లో వెతికి 2021లో విషయం బయటపెట్టారు. ఆ తెలుపును ఇచ్చే ఇరిడోఫోర్ కణాలు అదుపు తప్పి పెరగడమే ఆ రంగు. స్పింట్1 అనే జన్యువు చుట్టుపక్కల వచ్చిన మార్పే ఇందుకు కారణమని వాళ్లు గుర్తించారు. మామూలుగా కణాల పెరుగుదలకు కళ్లెం వేసే జన్యువది. ఈ రంగు బల్లుల్లో 80 శాతానికి పైగా కణితులు వచ్చాయి. అంటే రంగు వేరు, జబ్బు వేరు కాదు. జనం డబ్బు పెట్టి కొన్నది కణితి తొలి దశనే. ఈ సంగతి తెలిశాక కొందరు పెంపకందారులు ఆ రకాన్ని మానేశారు. మానేయని వాళ్ల గురించి ఏమనాలో నాకు మర్యాదైన మాట దొరకడం లేదు.

తెల్లపులి అనగానే ఇలాంటి అనుమానమే వస్తుంది. 2020 జూన్‌లో హైదరాబాద్ నెహ్రూ జూలో కిరణ్ అనే 8 ఏళ్ల తెల్లపులి దవడ దగ్గర కణితితో చనిపోయింది. తెల్లపులుల వంశం 1951లో రేవా అడవుల్లో పట్టుబడిన మోహన్ అనే కూనతో మొదలై, దగ్గరి చుట్టరికాల్లోనే సాగింది. మేనరికాన్ని కూడా మించిపోయి, తండ్రీ కూతుళ్లను జత కట్టించారు. మెల్లకన్ను లాంటి సమస్యలు తెల్లపులుల్లో బాగా తెలిసినవే. కానీ ఆ రంగును ఇచ్చే జన్యువుకూ కిరణ్ కణితికీ లంకె ఉందని చెప్పడానికి ఒక పులి చావు సరిపోదు. లెమన్ ఫ్రాస్ట్ విషయంలో అలా అనగలిగామంటే, వందల బల్లుల్లో ఆ రంగు ఎవరికి వచ్చిందో, గడ్డ ఎవరికి వచ్చిందో పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టి.

కొన్ని వైరస్‌లు తెచ్చేవి. పచ్చ సముద్రపు తాబేళ్ల మెడ, కళ్లు, రెక్కల మీద కాలీఫ్లవర్‌లా లేచే గడ్డలను ఫైబ్రోపాపిలోమా అంటారు. 1938లో ఫ్లోరిడా ప్రాంతపు తాబేళ్లలో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించారు. ఒక రకం హెర్పిస్ వైరస్ దీనికి తోడుంటుంది. ఈ గడ్డ స్వతహాగా ప్రాణాంతకం కాదు. కంటి మీద పెరిగితే తాబేలుకు దారీ తిండీ కనపడవు, అలా చస్తుంది. ఫ్లోరిడాలోని మారథాన్ అనే ఊళ్లో సముద్ర తాబేళ్లకే ఒక ఆసుపత్రి ఉంది. లేజర్‌తో గడ్డలు తీసి, మళ్లీ రాకపోతే సముద్రంలో వదిలేస్తారు. లోపలి అవయవాల్లో ఉంటే మాత్రం చేసేదేమీ ఉండదు. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే జాతిలోనూ ఈ జబ్బు కోస్టారికా తీరంలో నమోదైంది.

బోవా పాముల్లో ఇంకో వైరస్ ఉంది. అది వచ్చిన పాము మెడ తిప్పేస్తుంది, తల నిలపలేదు, కక్కుతుంది, క్రమంగా చస్తుంది. జబ్బు 1970ల నుంచి తెలిసినా, దానికి కారణమైన రెప్టెరీనా వైరస్‌లను 2012లో కాలిఫోర్నియాలో కనిపెట్టారు. ఈ జబ్బున్న కొన్ని బోవాల్లో లింఫోమా, ల్యుకేమియా కూడా కనిపించాయి. రెండూ కలిసి కనిపించడం, ఒకటి రెండోదాన్ని తేవడం ఒకటి కాదు కాబట్టి పశువైద్యులు ఇక్కడ ఆచితూచి మాట్లాడతారు.

ఆస్ట్రేలియాలో చెట్ల మీద బతికే కోలాల్లో మాత్రం వైరస్‌కూ రక్త క్యాన్సర్‌కూ బంధం గట్టిది. జూల్లోనూ అడవిలోనూ కోలాలకు ల్యుకేమియా, లింఫోమా తరచుగా వస్తాయి. కోలా రెట్రోవైరస్ వాటి డీఎన్‌ఏలోకి దూరి, ఉండకూడని చోట కూర్చుని, కణాల పెరుగుదల జన్యువులను తట్టిలేపుతుంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు కోలాల్లో ఇది వీర్యం, అండం కణాల్లోకీ చేరిపోయింది. తల్లిదండ్రుల నుంచి పిల్లకు అంటువ్యాధిలా కాకుండా ఆస్తిలా సంక్రమిస్తోంది. మన డీఎన్‌ఏలోనూ పాత రెట్రోవైరస్‌ల శిథిలాలు 8 శాతం దాకా ఉన్నాయి. మన పూర్వీకులకు లక్షల, కోట్ల ఏళ్ల కిందట జరిగిన పని కోలాల్లో ఇప్పుడు జరుగుతోంది, దాని ఖర్చు బ్లడ్ క్యాన్సర్ రూపంలో కడుతున్నాయి. 1970ల్లో గిబ్బన్ అనే వానరాల్లో బయటపడిన ల్యుకేమియా వైరస్ దీనికి దగ్గరి చుట్టం.

వైరస్ కాదు, క్యాన్సర్ కణమే ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు దూకడం అన్నిటికన్నా విచిత్రం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపంలో ఉండే టాస్మేనియన్ డెవిల్ అనే జంతువులు ఒకదాన్నొకటి మూతి మీద కరుచుకుంటాయి. 1996లో వాటి మొహాల మీద గడ్డలు కనిపించాయి. పరీక్షిస్తే అన్ని గడ్డలూ ఒకే జంతువువి, ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఆడ డెవిల్ కణాలు. 2014లో ఇలాంటిదే రెండో రకం దొరికింది, దాని మూలం మగది. ఇది ఎక్కడో ద్వీపంలో జరిగే వింత అనుకోనక్కర్లేదు. మన ఊళ్ల వీధికుక్కల జననాంగాల దగ్గర నెత్తురు కారుతూ కనిపించే గడ్డ కూడా ఇలాంటిదే. వేల ఏళ్ల కిందట బతికిన ఒకే కుక్క కణాలు జత కట్టినప్పుడల్లా అంటుకుంటూ ఖండాలు దాటాయి. వారం వారం విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే చాలా కుక్కలకు పూర్తిగా పోతుంది. మనుషులకు మాత్రం ఇది అంటదు.

ఇక జూ స్వయంగా తెచ్చిపెట్టినవి. అమెరికా జూల్లో 1970ల నుంచి పులులు, సింహాలు, జాగ్వార్‌లకు పిల్లలు పుట్టకుండా మెలెంజెస్ట్రాల్ అసిటేట్ అనే హార్మోన్ గుళికను చర్మం కింద పెట్టేవారు. ఏళ్ల తరబడి అది ఒంట్లో ఉన్న ఆడ పులుల్లో గర్భాశయ జబ్బులు, రొమ్ము క్యాన్సర్ పెరిగాయని పోస్ట్‌మార్టం రికార్డులు పట్టిచ్చాయి. తర్వాత చాలా జూలు డెస్లోరెలిన్ లాంటి వేరే మందులకు మళ్లాయి. ఆ తప్పును పట్టుకున్నది ఏ కొత్త పరికరమూ కాదు, చచ్చిన ప్రతి జంతువునీ కోసి చూసి, రాసి పెట్టుకునే అలవాటు. ఫిలడెల్ఫియా జూ 1901లోనే దీనికోసం ఒక ల్యాబ్ పెట్టింది. మన దేశంలోనూ జూలో చనిపోయిన ప్రతి జంతువుకు పోస్ట్‌మార్టం చేయాలన్నది నిబంధన.

జూలో క్యాన్సర్ ఎక్కువ కనిపించడానికి వయసు కూడా కారణమే. 50కి పైగా క్షీరద జాతులను పోల్చిన 2016 అధ్యయనంలో 80 శాతానికి పైగా జాతులు అడవిలో కన్నా జూలోనే ఎక్కువకాలం బతికాయి. అడవిలో కాళ్లు తడబడిన జింకను కణితి పెరిగేదాకా ఎవరూ బతకనివ్వరు.

ఇన్ని మెలికలున్నా, జూల రికార్డులను ఒకచోట పోస్తే పనికొచ్చే సంగతులు బయటపడతాయి. 191 జాతులకు చెందిన 1,10,148 జూ క్షీరదాల రికార్డులతో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మాంసం తినేవాటిలో, ముఖ్యంగా ఇతర క్షీరదాలను తినేవాటిలో, క్యాన్సర్ చావులు ఎక్కువ. జింకలు, మేకలు, పశువుల లాంటి గిట్టల జంతువుల్లో తక్కువ. కృష్ణజింకల రికార్డుల్లో క్యాన్సర్ చావు ఒక్కటీ లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు అదే కాబట్టి మనకు కాస్త గర్వంగా అనిపించవచ్చు గానీ, 'కృష్ణజింకకు క్యాన్సర్ రాదు' అనే వాట్సాప్ మెసేజ్ దాకా వెళ్లొద్దు. చూసింది రెండు వందల లోపు జింకల్నే. మాంసాహారులకు ఎందుకు ఎక్కువ? పచ్చి మాంసంతో పాటు వచ్చే వైరస్‌లు, కొవ్వెక్కువ పీచు తక్కువ తిండి, పేగుల్లో సూక్ష్మజీవుల కొరత, గర్భనిరోధక హార్మోన్లు, తిరగడానికి చోటు లేకపోవడం అని రకరకాల వివరణలున్నాయి. నాకు హార్మోన్ల వాదనే బలంగా కనిపిస్తుంది, దానికి పోస్ట్‌మార్టం సాక్ష్యం ఉంది కాబట్టి. కానీ అదొక్కటే మొత్తాన్ని వివరించలేదు.

ఒంటి సైజుకూ, ఆయుష్షుకూ క్యాన్సర్ చావులతో సంబంధం కనపడకపోవడం ఆ అధ్యయనంలో ఇంకో ముఖ్యమైన సంగతి. లెక్క ప్రకారం కణాలు ఎక్కువైతే చెడే అవకాశం ఎక్కువ. ఎలుక కన్నా ఏనుగుకు కణాలు లక్ష రెట్లు ఎక్కువ కదా? 1970ల్లో రిచర్డ్ పీటో అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త వేసిన ప్రశ్న ఇది. ఏనుగు వరకు ఒక జవాబు 2015లో దొరికింది. డీఎన్‌ఏ చెడిన కణాన్ని చంపేసే టీపీ53 జన్యువు మనకు ఒకటే ఉంటే, ఏనుగుకు ఆ ఒకటి గాక దాని నకళ్లు 19 ఉన్నాయి. ఆ అధ్యయనంలో ఏనుగుల్లో క్యాన్సర్ చావులు 5 శాతం లోపే ఉంటాయని అంచనా వేశారు. అయితే కథ ఇక్కడితో ఆపేసేవాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. జూల్లోని ఆసియా ఏనుగుల ఆడవాటికి గర్భాశయంలో ఫైబ్రాయిడ్లు మామూలే, ముఖ్యంగా ఈనని వాటికి. అవి ప్రాణం తీసే క్యాన్సర్‌లు కావు, కానీ కణితులే. ఏనుగుకు కణితి రాదన్నది అబద్ధం. వచ్చిన కణితి క్యాన్సర్‌గా మారడం తక్కువ అన్నది నిజానికి దగ్గర. సొరచేపకు క్యాన్సర్ రాదంటూ దాని మృదులాస్థి పొడిని గోళీలుగా అమ్ముకున్న వ్యాపారం సంగతీ అంతే. సొరచేపల్లో కణితులు ఎప్పుడో నమోదయ్యాయి.

చికిత్స విషయానికొస్తే, బయటికి కనిపించే గడ్డలకు కత్తే మందు. 2018లో సింగపూర్ జురాంగ్ బర్డ్ పార్కులో జారీ అనే 22 ఏళ్ల హార్న్‌బిల్ పక్షికి ముక్కు మీది శిరస్త్రాణం లాంటి భాగాన్ని క్యాన్సర్ తినేస్తుంటే, దాన్ని కోసి త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన కొత్తది బిగించారు. ఆపరేషన్ అయ్యాక అది మామూలుగా తినడమే కాదు, తోక దగ్గరి గ్రంథిలోని పసుపు రంగును ఆ ప్లాస్టిక్ ముక్కకూ పూసుకుంది. రక్త క్యాన్సర్‌కు కోయడానికి ఏమీ ఉండదు. కుక్కలకు, పిల్లులకు కీమో మోతాదులు లెక్కగట్టి ఉన్నాయి. పాముకు, బల్లికి వాటినే తగ్గించి అంచనాగా ఇస్తారు. చల్లటి నెత్తురు జీవి కాబట్టి పెట్టె వెచ్చదనాన్ని బట్టి మందు ఒంట్లో ఎంతసేపు ఉండేదీ మారిపోతుంది. వారం వారం సూది గుచ్చడానికి బల్లికి నరం దొరకడమే గగనం.

హైదరాబాద్, విజయవాడల్లో బాల్ పైథాన్‌లు, ఇగ్వానాలు, బియర్డెడ్ డ్రాగన్‌లు పెంచేవాళ్లు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లు ఒక పని చేస్తే డాక్టర్‌కు సగం శ్రమ తగ్గుతుంది. జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి బరువు, రక్తం లెక్క రాయించి, ఏ నెలలో తీశారో దాని మీద వేసి ఉంచుకోవాలి. తెల్ల కణాలు పెరిగాయని చెప్పాలంటే, వాటి మామూలు లెక్క ఎంతో ముందు తెలిసి ఉండాలి కదా.